అడుగు గుడ్డతో మొదలుపెట్టండి

బొంత కుట్టాలనుకున్న ఏ ఇంట్లోనైనా ముందు నడిచేది చీరల పంచాయితీ. పెళ్ళినాటి చీర, పురిటికి పెట్టిన చీర, పెద్దావిడ పోయాక పెట్టెలో మిగిలిన నేత చీర, అన్నీ పైగుడ్డకే. అవి తేలాక మిగిలిన పంచె, మోకాళ్ళ దగ్గర పల్చబడ్డ లుంగీ, ఎవరూ కట్టనంటే కట్టనన్న పాలియెస్టర్ చీర అడుక్కి పోతాయి. నెల్లూరు నుంచి తూర్పుగా సముద్రం వైపు పోతే వచ్చే తోటపల్లి గూడూరు పక్క ఊళ్ళలో దీనికొక మాట కూడా సిద్ధంగా ఉంటుంది: "అడుగుది ఎవురు చూడొచ్చారు మే, ఏదో ఒకటి ఎయ్యి."

చూడరు, నిజమే. కానీ నవారు మంచానికీ, చాపకీ, గచ్చుకీ రోజూ రాసుకునేది అదే. తడిసినప్పుడు పైన ఉన్న పొరలన్నిటి బరువునూ మోసేది అదే. బొంత చివికేది ఎక్కువగా అడుగునుంచే. పైన చీర పూలు పూలుగానే ఉంటుంది, కింద అతుకు మాత్రం నోరు తెరుస్తుంది. ఆ సందులోంచి లోపలి పాత గుడ్డ పేగులు బయటకొస్తాయి. అప్పుడు మాసిక వేస్తాం. మాసిక మీద మాసిక.

అందుకే ఈ అధ్యాయంలో చెప్పే పద్ధతి తలకిందులుగా ఉంటుంది. పైగుడ్డ జోలికి పోకుండా అడుగు గుడ్డను ముందు కుట్టి, ఇస్త్రీ చేసి, పక్కన పెట్టండి. ఆ తర్వాతే పైన ఏ ముక్క పక్కన ఏ ముక్క అన్న సరదా. సరదా ముందు తీరిపోతే అడుక్కి మిగిలేది నడుం నొప్పీ, విసుగూ, మిగులు గుడ్డా. ఏ పనిలోనైనా కనపడని భాగానికి మనం ఇచ్చేవి ఈ మూడే. చేతులు తాజాగా ఉన్న మొదటి రోజును దానికి ఇచ్చి చూడండి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల ఆడవాళ్ళు 'కవంది' అనే బొంతలు కుడతారు. వాళ్ళు మొదట పరిచేది అడుగు గుడ్డనే, చాలాసార్లు ఒక పాత నూలు చీర. దాని మీద ఒక మూల నుంచి ముక్కలు పేర్చుకుంటూ, అంచుల చుట్టూ తిరుగుతూ, నడిమధ్యకు వచ్చి ఆగుతారు. అక్కడ అడుగు లేకుండా పైభాగం అన్నదే పుట్టదు. మనవాళ్ళు పైదీ కిందదీ వేరు వేరుగా సిద్ధం చేసుకుంటారు కాబట్టి ఏది ముందన్న ప్రశ్న మనకే వచ్చింది.

కాలం సంగతి. ఈ వైపు బొంతల పని ఎండాకాలంలో పెట్టుకోవడంలో తెలివి ఉంది. పెన్నా కాలవల కింది వరి కోతలు అయిపోయి చేతులు ఖాళీ అవుతాయి, ఉతికిన గుడ్డ గంటలో ఎండుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాటితో పాటు వాయుగుండాలు. ఆ మూడు నెలల్లో ఉతికిన నూలు గుడ్డ లోపల చెమ్మ ఉండిపోతుంది, మడత పెడితే బూజు వాసన పడుతుంది. చెమ్మ పూర్తిగా పోని గుడ్డను కొలిచి కత్తిరిస్తే ఎండాక కొలత మారుతుంది కూడా. కనుక అడుగు గుడ్డకు వాడేది కొత్తదైనా పాతదైనా ముందొకసారి వేడినీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో బాగా ఆరనివ్వండి. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. ముడుచుకునేదేదో కత్తెర పడకముందే ముడుచుకోవాలి. రంగు దిగే గుడ్డైతే నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకడం ఒక్కటే దారి. కళ్ళుప్పు వేస్తే రంగు ఆగిపోతుందన్న నమ్మకం మీద ఎర్రచీరను తెల్లపంచెకు అతికించకండి.

ఏ గుడ్డ మంచిది? మరీ నాజూకైనది వద్దు. వెంకటగిరి సన్ననూలు చీర పైగుడ్డకు ఎంత అందమో అడుక్కి అంత దండగ. ఆ పల్చదనం నేల రాపిడికి నిలవదు, జరీ అంచు ఒంటికి గీరుకుంటుంది. కాస్త మందపాటి నేత చీర, దుప్పటి, మగవాళ్ళ నూలు పంచె అడుక్కి సరైనవి. పాలియెస్టర్ కలపనే వద్దు. చెమట పీల్చదు, నూలుకు పెట్టే వేడికి తట్టుకోదు, పక్కనున్న నూలుతో సమానంగా సాగదు, ముడుచుకోదు.

పాత చీరను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. కుచ్చిళ్ళు దోపే చోట, ఫాల్ కుట్టిన కింది అంచు పొడుగునా, భుజం మీద పిన్ను పెట్టే చోట పోగులు పల్చబడి కనిపిస్తాయి. అనుమానం వచ్చిన చోట రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి కాస్త లాగండి. టప్‌మని తెగితే ఆ భాగం లోపలి పొరలకు. తెగకుండా తిరిగి బిగుసుకుంటే అడుక్కి పనికొస్తుంది.

ఇప్పుడు లెక్క. మనిషి పడుకునే బొంత అయిదు మూరల పొడవు, మూడు మూరల పైచిలుకు వెడల్పు, అంటే 90 అంగుళాలకు 60 అనుకుందాం. అడుగు గుడ్డ దానికంటే నాలుగు వైపులా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు గుడ్డ లోపలికి గుంజుకుంటుంది, మిగిలిన దాన్ని పైకి మడిచి అంచు కట్టుకోవచ్చు. అంటే మనకు కావలసింది 96కు 66. అయిదున్నర మీటర్ల చీర దాదాపు 216 అంగుళాలు. 96 చొప్పున రెండు ముక్కలు తీస్తే పైట కొంగు వైపు 24 అంగుళాలు మిగులుతుంది. రెండు అంచులూ కత్తిరించి పారేస్తే వెడల్పు 40 వస్తుందనుకోండి.

అంచులు ఎందుకు తీసెయ్యాలంటే, అక్కడ పోగులు దగ్గర దగ్గరగా పడి నేత బిగువుగా ఉంటుంది. ఉతికినప్పుడు అంచు ఒకలాగా, చీర ఒడలు ఇంకోలాగా ముడుచుకుంటాయి. అంచుకు అంచు కలిపి కుడితే కత్తిరించే పని తప్పుతుంది, పోగులు లేవవు, నిజమే. రెండు ఉతుకుల తర్వాత ఆ కుట్టు పొడుగునా గుడ్డ ముడతలు పడి లేచి, వీపుకు తాడు మీద పడుకున్నట్టు తగులుతుంది.

ఈ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి మధ్యలో ఒకే ఒక్క కుట్టు వేయడం సులువు. చాలామంది చేసేదీ అదే. కానీ బొంతను పొద్దున లేచి ఎలా మడుస్తారు? సరిగ్గా నడిమికి. మడత పడే చోటే అతుకు ఉంటే రోజూ అదే గీత మీద గుడ్డ విరుగుతుంది, రాపిడి కూడా అక్కడే. దీనికి మందు ఉంది. ఒక ముక్కను నిండు వెడల్పుతో మధ్యన ఉంచి, రెండోదాన్ని నిలువుగా చీల్చి రెండు పక్కలా వేయండి. మధ్యలో 40, పక్కల 14 చొప్పున, మొత్తం 68. ప్రతి అతుకుకూ రెండు వైపులా అరంగుళం చొప్పున అంగుళం పోతుంది, రెండు అతుకులకు రెండు అంగుళాలు. మిగిలింది 66. విప్పి ఇస్త్రీ చేసినప్పుడు మడతలో పోగుమందం గుడ్డ పోతుంది కాబట్టి పక్క పట్టీలు పావంగుళం ఎక్కువగానే తీసుకోండి. ఒక్క చీరలో అడుగు పూర్తయింది, పైగా మాసికలకు దాదాపు 12 అంగుళాల పట్టీ మిగిలింది. దాన్ని దాచండి. అదే చీర, అదే పాతబడడం ఎప్పటికైనా పనికొస్తుంది.

మూడు ముక్కల్లోనూ పడుగు పొడుగునే పోవాలి. పడుగు దారం మగ్గం మీద బిగువులో ఉండి నేసింది, సాగదు. పేక వైపు కాస్త సాగుతుంది. ఒక ముక్క పడుగు నిలువునా, ఇంకో ముక్క అడ్డంగా వేసి కుడితే రెండూ రెండు దారుల్లో లాగుతాయి. గుడ్డ చాలక అలా వేయాల్సి వస్తే లోపలి పొరలో వేయండి.

కుట్టే దగ్గరికి వద్దాం. రవికలు కుట్టడం నేర్చుకున్నవాళ్ళకు ఇది చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. వంపు లేదు, డాట్ లేదు, చంక లేదు, నిట్టనిలువు గీత. ఆ గీత పొడవే తిప్పలు తెస్తుంది. మిషను పళ్ళు కింది గుడ్డను ముందుకు తోస్తాయి, పైన ఫుట్ ఒత్తిడి వల్ల పై గుడ్డ కాస్త వెనకబడుతుంది. రవిక పక్క కుట్టులో ఈ తేడా తెలియదు. 96 అంగుళాలు పోయేసరికి పై గుడ్డ కొస వేలెడు మిగిలిపోవచ్చు. దాన్ని లాగి సర్దితే ఆ చోట ముడత, కత్తిరించేస్తే మూల వంకర. ముందే రెండు కొసలూ కలిపి గుండుసూదులు పెట్టండి. తర్వాత నడిమి, ఆ తర్వాత సగాల సగం, అలా జానెడు దూరానికో సూది పడేదాకా. రెండో అతుకును మొదటిదానికి ఎదురు దిక్కు నుంచి కుట్టండి. రెండూ ఒకే వైపు నుంచి మొదలుపెడితే తేడా రెండింతలై గుడ్డ మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది.

కుట్టు పొడవు మిషను మీద 2.5 దగ్గర పెట్టండి, అంగుళానికి పది కుట్లు పడతాయి. మొదట్లో, చివర్లో రెండు మూడు కుట్లు వెనక్కి రావాలి. చేత్తో కుట్టేవాళ్ళయితే ఒక కుట్టు ముందుకు, సగం కుట్టు వెనక్కి వేస్తూ పోండి. బొంత పైన వేసే వరస కుట్టు అతుకులకు చాలదు, ఒకచోట దారం తెగితే బారెడు జారుతుంది.

ఇక ఇస్త్రీ. మనవాళ్ళు ఎగ్గొట్టేది ఇదే. "అంతా కుట్టాక ఒకేసారి చేద్దాంలే" అంటారు. ఆ ఒకేసారి రానే రాదు, వచ్చినా అప్పటికి ఒక అతుకు మీద ఇంకో అతుకు పడిపోయి ఉంటుంది. కింది మడత ఎటు పడితే అటు తిరిగి, దాని మీదుగా రెండో కుట్టు వెళ్ళిపోయి ఉంటుంది. కాబట్టి ఒక అతుకు అయిందని ఎప్పుడు అనుకోవాలో ముందే తేల్చుకోండి. కుట్టడం, వేలాడే దారాలు కత్తిరించడం, ఇస్త్రీ, చల్లారనివ్వడం. నాలుగూ అయితే ఒక అతుకు అయినట్టు. సగం పనులు ఆరు పెట్టుకునే అలవాటున్నవాళ్ళకు ఈ లెక్క మొదట్లో నత్తనడకలా ఉంటుంది. పని నిర్వహణ పుస్తకాలు సామానంతా చేతికందేలా పెట్టుకోమంటాయి. నేను మాత్రం ఇస్త్రీ పెట్టెను గదికి ఆ చివర పెట్టుకోమంటాను. ఒక్కో అతుకుకూ లేచి వెళ్ళాలి. మిషను ముందు వంగిన నడుముకు అంతకంటే మంచి వైద్యం లేదు.

ఎలా చేయాలో కాస్త దగ్గరగా చూద్దాం. అతుకు కుట్టగానే విప్పకండి. రెండు గుడ్డలూ ఇంకా ఒకదాని మీద ఒకటి ఉండగానే కుట్టు మీద ఇస్త్రీ పెట్టెను ఆనించి అయిదారు సెకన్లు ఉంచి, ఎత్తి, పక్కన ఆనించండి. గీయకూడదు. చొక్కాకు గీసినట్టు ముందుకూ వెనక్కీ గీస్తే నూలు సాగుతుంది, ముఖ్యంగా పేక వైపు. ఈ మొదటి ఒత్తుడికి దారం గుడ్డలోకి దిగి కూర్చుంటుంది. కుట్టులో పడిన చిన్న చిన్న మొటికలు అణుగుతాయి. వేలితో తడిమితే అంతకుముందు గరుగ్గా తగిలిన గీత ఇప్పుడు నున్నగా ఉంటుంది.

అప్పుడు గుడ్డను విప్పి వెనకవైపు పైకి పెట్టండి. అతుకు రెక్కలు రెండూ బొటనవేలి గోటితో చెరో పక్కకు మడుస్తూ, ఇస్త్రీ పెట్టె ముక్కుతో నడి కుట్టు మీద ఒత్తుకుంటూ పోండి. జానెడు మడవడం, జానెడు ఒత్తడం. చివరిగా తిరగేసి పైవైపు నుంచి ఒక పల్చటి తడిగుడ్డ పరిచి ఇంకోసారి. వెంటనే మడిచి పెట్టకండి. నూలు పీచులోని అణువులను పట్టి ఉంచే బంధాలు వేడికీ తడికీ సడలుతాయి, ఆరి చల్లబడేటప్పుడు కొత్త ఆకారంలో మళ్ళీ బిగుసుకుంటాయి. వేడి మీదుండగా ఎలా పెడితే అలాగే ఉండిపోతుంది కాబట్టి నున్నగా పరిచి రెండు నిమిషాలు వదిలేయండి.

రెక్కల్ని చెరో పక్కకు విప్పాలా, రెండూ ఒకే పక్కకు వాల్చాలా అన్నది కుట్టేవాళ్ళ మధ్య తెగని వాదం. ఒకే పక్కకు వాలిస్తే కుట్టు మీద గుడ్డ కప్పుకుని ఉంటుంది, లాగుడు దారం మీద నేరుగా పడదు. విప్పి అణిస్తే అతుకు పల్చగా ఉంటుంది, కింద పడుకున్నవాళ్ళకు తగలదు, చేతిసూది సులువుగా దిగుతుంది. నా తీర్పు ఇది: మిషను కుట్టయితే విప్పండి, చేతికుట్టయితే ఒక పక్కకు వాల్చండి. బొంతలో అడుగు గుడ్డ, రెండు మూడు లోపలి పొరలు, పైగుడ్డ కలిసి ముందే మందం. అడుగు అతుకు వాలి ఉన్న చోటే పైగుడ్డ అతుకు కూడా పడితే సూది దిగక వేలికి గుచ్చుకుంటుంది. ముక్కలు ముక్కలుగా అడుగు కుట్టేవాళ్ళు అతుకులన్నీ ఒకే చోట కలవకుండా, గోడ కట్టేవాళ్ళు ఇటుక జోడు తప్పించినట్టు, పక్కకు జరపాలి. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికా పల్లెల్లో పిండి సంచుల కుట్లు విప్పి, వాటి నూలు గుడ్డతో బొంతలకు అడుగులు వేసుకున్న ఆడవాళ్ళకూ ఇదే లెక్క. అన్నీ చిన్న ముక్కలే, అతుకులకు లోటు లేదు.

వేడి ఎంత? ఇస్త్రీ పెట్టె మీద ఉండే చుక్కల్లో ఒకటంటే 110 డిగ్రీల దాకా, రెండంటే 150, మూడంటే 200. నూలుకు మూడు చుక్కలు. పాలియెస్టర్ కలిసిందని అనుమానముంటే ఒకటి. కరెంటు పోతే బొగ్గుల పెట్టె ఉన్న ఇస్త్రీ బండి దగ్గరికి తీసుకుపోవచ్చు, దాని బరువే సగం పని చేస్తుంది. అయితే అతుకు ఎటు వాలాలో మీరే చెప్పి దగ్గరుండాలి, లేకపోతే చొక్కాకు గీసినట్టు గీసేస్తారు. వెనకటి రోజుల్లో ఇత్తడి చెంబులో నిప్పులు పోసి బట్టలకు ఇస్త్రీ చేసుకునేవాళ్ళు, అతుకుకూ అది చాలు. అదీ లేకపోతే గోటితో గట్టిగా గీసి, అతుకును నున్నగా మడిచి రాత్రంతా పరుపు కింద పెట్టండి. కొత్త మడత అంత పదునుగా రాదు గానీ రెక్కలు చెప్పిన మాట వింటాయి.

సముద్రం దగ్గరి ఊళ్ళకు ప్రత్యేకంగా రెండు మాటలు. కోడూరు ఒడ్డు నుంచి వచ్చే గాలిలో ఉప్పుంటుంది, చెమ్మ ఉంటుంది. గుండుసూదులు గుడ్డలో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు మచ్చ, అది ఉతికినా పోదు. కుట్టడం ఆపిన క్షణాన సూదులన్నీ తీసి, మిషను నూనె చుక్క వేసిన గుడ్డముక్కకు గుచ్చి, మూతున్న డబ్బాలో పెట్టండి. రెండోది, కొన్ని బోర్లలో వచ్చేవి ఉప్పునీళ్ళు. ఆవిరి ఇస్త్రీ పెట్టెలో అవి పోస్తే రంధ్రాల్లో తెల్లగా పేరుకుని, ఒకరోజు ఆ పొడి గుడ్డ మీద రాలుతుంది. తాగే నీళ్ళ క్యానులోవి పోయండి, లేదా నీళ్ళు పోయకుండా తడిగుడ్డతో కానివ్వండి.

గుడ్డ మరీ మెత్తబడి మిషను కింద జారుతుంటే పల్చటి గంజి పెట్టి ఆరనిచ్చి కుట్టండి, బిగుసుగా నిలబడుతుంది. వరి పండే సీమలో గంజికి కరువేముంది. కానీ బొంత పూర్తవగానే గంజి పోయేలా ఉతకాలి. గంజి ఉన్న గుడ్డకు పెట్టెలో పురుగు పడుతుంది, వానాకాలం బూజూ పడుతుంది.

రెండు అతుకులూ చల్లారాక మొత్తం గుడ్డను ఊడ్చిన గచ్చు మీద పరవండి. అరచెయ్యి చాపి అతుకు మీదుగా నడపండి, గట్టు తగిలితే ఆ చోట మళ్ళీ ఇస్త్రీ. తర్వాత టేపుతో మూల నుంచి ఎదురు మూలకు రెండు వైపులా కొలవండి. 96కు 66 నిజంగా దీర్ఘచతురస్రంగా ఉంటే రెండూ 116న్నర అంగుళాలు రావాలి. ఒకటి 118, ఒకటి 115 వచ్చిందంటే గుడ్డ ఒరిగింది. తక్కువ వచ్చిన మూలల్ని ఇద్దరు చెరో పక్క పట్టుకుని మెల్లగా లాగి, మళ్ళీ ఇస్త్రీ చేస్తే అంగుళం తేడా దాకా సర్దుకుంటుంది. అంతకు మించితే ఒక అతుకు విప్పాల్సిందే. ఇప్పుడు విప్పడం అరగంట పని. పొరలన్నీ కలిపి కుట్టాక విప్పడం ఎవరికీ సాధ్యం కాదు, ఎవరూ విప్పరు కూడా. వంకరగానే కప్పుకుంటారు.

కొలత కుదిరాక మడిచి పెట్టకండి. పాత పీవీసీ పైపో, నున్నటి కర్రో తీసుకుని, దాని మీద ఒక న్యూస్ పేపరు చుట్టి, అడుగు గుడ్డను వెనకవైపు బయటకు కనిపించేలా చుట్టండి. అతుకులు పైపు చుట్టూ తిరగాలే గానీ దాని వెంట పోకూడదు. పైన ఒక పంచె చుట్టి అటక మీద పెట్టేయండి. పైగుడ్డకు ఏ చీర ఏ పక్కన అన్న పంచాయితీ ఇప్పుడు ఎన్నాళ్ళు నడిచినా నష్టం లేదు, వానలు పట్టేలోగా తేలితే చాలు.